అంగీ, పుస్తకాలు, మార్కు: విద్యార్థుల మధ్య పనిచేసే సేవకులకు మనం ఏమిస్తున్నాం?

(గుంటూరులో జరిగిన క్రైస్తవ పట్టభద్రుల సహవాస కూడికలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ వందనాలు. వెనక ఫ్యాన్ల కింద కూర్చున్నవాళ్ళకి నా మాట వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. ఆ, ఇద్దరు ఎత్తారు. అంటే వినపడిందనే లెక్క.

నాకిచ్చిన అంశం కాలేజీ విద్యార్థుల మధ్య క్రైస్తవ పరిచర్య చేసే సేవకుల శిక్షణ, పోషణ. పోషణ అనగానే మనలో సగంమంది చెయ్యి జేబు మీదికి పోతుంది, మిగతా సగం గడియారం చూసుకుంటారు. కంగారు పడకండి, కానుకల సంచి ఇప్పుడు తిరగదు. డబ్బు సంగతి కూడా మాట్లాడతాను. తప్పకుండా మాట్లాడతాను. కానీ దాంతో మొదలుపెట్టను.

బైబిళ్ళు తెచ్చుకున్నారు కదా? ఫోన్లో ఉన్నా సరే, వాట్సాప్ మాత్రం మూసెయ్యండి. తిమోతికి రాసిన రెండో పత్రిక, నాలుగో అధ్యాయం, పదమూడో వచనం. "నీవు వచ్చునప్పుడు నేను త్రోయలో కర్పునొద్ద ఉంచివచ్చిన అంగీని పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను తీసికొని రమ్ము." ఆ పైన పదకొండో వచనంలో, లూకా ఒక్కడే నా దగ్గర ఉన్నాడు, తోటి పనివాడైన మార్కుని వెంటబెట్టుకుని రా అంటాడు. కింద ఇరవై ఒకటిలో, చలికాలం రాకముందే వచ్చెయ్యి అంటాడు.

ఎవరండీ ఈ అడుగుతున్నాయన? అపొస్తలుడైన పౌలు, తన శిష్యుడు తిమోతిని అడుగుతున్నాడు. అంత మనిషి చివరి రోజుల్లో ఏమడిగాడు? చలేస్తోంది, అంగీ తీసుకురా అన్నాడు. పుస్తకాలు తీసుకురా అన్నాడు. నా పరుగు ముగిసింది అని అదే అధ్యాయంలో రాసుకున్న మనిషికి ఇంకా పుస్తకాలెందుకండీ? అయినా అడిగాడు. మార్కుని అడిగాడు. ఒంటికి అంగీ, బుర్రకి పుస్తకం, పక్కన మనిషి. ఇవి అడగడానికి ఆయన సిగ్గుపడలేదు. మరి మనం మన క్యాంపస్ సేవకుల్ని పలకరించినప్పుడు ఏమడుగుతున్నాం? "తమ్ముడూ, ఈ నెల ఎన్ని కాలేజీలు? ఎంతమంది?" అంతే కదా? నేనేమీ అబద్ధం చెప్పడం లేదుగా?

ఈ పౌలే ఎఫెసులో ఏం చేశాడో అపొస్తలుల కార్యములు పంతొమ్మిదిలో ఉంది. సమాజమందిరంలో మూడు నెలలు మాట్లాడాడు, వాళ్ళు వినలేదు. అప్పుడు తురన్ను అనే ఆయన పాఠశాలకి మారాడు. ప్రతిదినం అక్కడ తర్కించాడు, రెండేళ్ళు. మళ్ళీ చెప్తాను, ప్రతిదినం, రెండేళ్ళు. మన దగ్గర క్యాంపస్ పరిచర్య అంటే ఎలా ఉంటుంది? మూడు రాత్రుల కూడికలు, ఒక ఫ్లెక్సీ, హైదరాబాద్ నుంచి ఒక ప్రసంగీకుడు, చివరి రోజు బిర్యానీ. నాలుగో రోజు పొద్దున ఆ పిల్లవాడికి ఒక సందేహం వస్తే అడగడానికి ఎవరున్నారు? ఫ్లెక్సీని అడగాలి.

నేను ఇవాళ చెప్పేది ఒక్క మాటే. పిల్లలు వెళ్ళిపోతారు. వెళ్ళిపోవాలి కూడా. సేవకుడు మాత్రం ఉండాలి. ఆ ఉండటమే పరిచర్యలో ముప్పాతిక వంతు. మన శిక్షణ, మన పోషణ అతను ఏళ్ళ తరబడి ఉండేలా చేస్తున్నాయా, లేక మూడేళ్ళలో అలిసిపోయి బీఈడీలో చేరేలా చేస్తున్నాయా?

సంఘకాపరి గారికీ ఈ క్యాంపస్ సేవకుడికీ తేడా చూడండి. పాస్టర్ గారు పెళ్ళి చేసిన జంట పిల్లలకి ఆయనే ప్రతిష్ఠ చేస్తారు, ఆ పిల్లలు సండే స్కూలుకి వస్తారు, క్రిస్మస్ నాటకంలో గొర్రెలకాపరి వేషం వేస్తారు. ఆయన పని ఆయన కళ్ళ ముందే ఉంటుంది. క్యాంపస్ సేవకుడికి? ఇంటర్ రెండేళ్ళు, డిగ్రీ మూడేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు. నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో అయితే పదో తరగతి అవ్వగానే చేరతారు కాబట్టి ఆరేళ్ళు, అదే ఎక్కువ. ఒక కుర్రాడు బైబిలు చదవడం నేర్చుకుని, ఇంకొకడికి నేర్పే స్థితికి వచ్చేసరికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది. మన డెల్టా రైతులకి చెప్పనక్కర్లేదు, ఇది నారుమడి. ఏపుగా ఎదిగిన నారునే పీకి వేరే చేలో నాటుతారు. కోత కోసేది ఇంకొకరు. మడి ప్రతి ఏడూ ఖాళీ అవుతుంది. అలాంటివాణ్ణి పట్టుకుని ఏడాది చివర "నీ దగ్గర ఎంతమంది మిగిలారు?" అని అడిగితే అతనేం చెప్తాడు?

ఇంగ్లండులో ఛార్లెస్ సిమియోను అని ఒకాయన. పాస్టర్లకి తెలిసే ఉంటుంది. 1782లో, ఇరవై మూడేళ్ళ వయసులో, కేంబ్రిడ్జి ఊరి నడిబొడ్డున హోలీ ట్రినిటీ చర్చికి వచ్చాడు. సంఘస్థులకి ఆయన ఇష్టం లేదు. ఆ రోజుల్లో అక్కడ ఒక్కో కుటుంబానికి ఒక్కో బల్ల, దానికో తలుపు, ఆ తలుపుకో తాళం. ఆదివారం వాళ్ళు తాళాలు వేసుకుని రావడం మానేశారు. వచ్చినవాళ్ళకి కూర్చునే చోటు లేదు. ఆయన సొంత డబ్బుతో నడవాల్లో బల్లలు వేయిస్తే చర్చి పెద్దలు వాటిని బయట పారేశారు. విద్యార్థులు వచ్చేవాళ్ళు, వినడానికి కాదు, అల్లరి చేయడానికి. మనవాళ్ళయితే ఏం చేస్తారు? బిషప్ గారి దగ్గరికి బదిలీ దరఖాస్తు పట్టుకెళ్తారు. ఆయన వెళ్ళలేదు. ఎన్నేళ్ళున్నాడు? యాభై నాలుగేళ్ళు. 1836లో చనిపోయేదాకా అదే చర్చి.

ఆ యాభై నాలుగేళ్ళలో ఏం చేశాడు? ప్రసంగాలు చేశాడు, నిజమే. నాకు నచ్చేది వేరే సంగతి. తన గదుల్లో శుక్రవారం సాయంత్రాలు విద్యార్థుల్ని టీకి పిలిచేవాడు. ఎవరైనా ఏ ప్రశ్నయినా అడగొచ్చు. ఆ టీ పోసిన నల్ల కెటిల్ ఇప్పటికీ దాచిపెట్టారు. పాస్టర్లు కాబోయేవాళ్ళకి ప్రసంగం ఎలా కట్టాలో విడిగా నేర్పేవాడు. అలా ఆయన చేతిలో తయారైనవాళ్ళలో హెన్రీ మార్టిన్ ఒకడు. 1801లో కేంబ్రిడ్జి లెక్కల పరీక్షలో మొత్తం మీద మొదటివాడు. 1806లో మన దేశం వచ్చాడు, దానాపూరు, కాన్పూరుల్లో ఉన్నాడు, కొత్త నిబంధనని ఉర్దూలోకి, పారసీకంలోకి తెచ్చాడు, ముప్పై ఒకటో ఏట టర్కీలోని టోకాట్‌లో చనిపోయాడు. సిమియోను ఇండియాకి ఎప్పుడూ రాలేదు. కేంబ్రిడ్జిలో టీ పోస్తూ ఉన్నాడు. ఇప్పుడు మన లెక్క ప్రకారం సిమియోను నెలవారీ రిపోర్టులో ఏం రాయాలి? "శుక్రవారం టీ. హాజరు పన్నెండు." కమిటీ ఏమంటుంది? "టీకి ఇంత ఖర్చా?" అంటుంది.

నవ్వుతున్నారు. కోశాధికారి గారు మాత్రం నవ్వడం లేదు.

ఆయన అంతకాలం ఎలా ఉండగలిగాడు? ఇది కూడా చెప్పాలి, లేకపోతే మోసం. ఆయనకి పెళ్ళి లేదు, కింగ్స్ కాలేజీలో ఫెలో కాబట్టి గది ఉంది, తిండి ఉంది. అంటే ఆయన కింద ఒక సంస్థ ఉంది. మన కుర్రాడి కింద ఏముంది?

ఇంకో కథ, చిన్నది. 1928లో బ్రిటన్‌లోని క్రైస్తవ విద్యార్థులు హోవార్డ్ గిన్నెస్ అనే కుర్ర డాక్టర్ని కెనడా విద్యార్థుల దగ్గరికి పంపాలనుకున్నారు. డబ్బుల్లేవు. పిల్లలు తమ ఆట సామాన్లు అమ్మి టికెట్ కొన్నారు. అందులో గమ్మత్తేమిటంటే, వెళ్ళడానికి మాత్రమే టికెట్. తిరిగి రావడానికి లేదు. అతను వెళ్ళాడు, కెనడాలో పని మొదలైంది, అక్కడినుంచి ఆస్ట్రేలియా దాకా పాకింది. ఈ కథ మనం చాలా ఇష్టంగా చెప్తాం. విశ్వాసం చూడండి, త్యాగం చూడండి అంటాం. చెప్పండి, తప్పు లేదు. కానీ ఒక్కసారి టికెట్ కొనిచ్చేసి చేతులు దులుపుకోవడానికి మనం ఈ కథని వాడుకోకూడదు. పంపేటప్పుడు దండలు వేస్తాం, శాలువాలు కప్పుతాం. ఫిలిప్పీ సంఘం గురించి పౌలు ఏమన్నాడు? థెస్సలొనీకలో ఉన్నప్పుడు కూడా మీరు మాటిమాటికి నా అవసరం తీర్చారు అన్నాడు. మాటిమాటికీ! ఒకసారి కాదు.

సరే, మన ఇంటి సంగతికి వద్దాం. మన దేశంలో యు.ఇ.ఎస్.ఐ., అంటే క్రైస్తవ విద్యార్థుల మధ్య పనిచేసే మన సంస్థ, 1954లో మొదలైంది. ఇక్కడ చాలామంది ఇ.యు. అనే విద్యార్థి గుంపుల గదుల్లో పెరిగినవాళ్ళే, ఇప్పుడు ఇ.జి.ఎఫ్., అంటే పట్టభద్రుల సహవాసం, అని చెప్పుకుంటున్నవాళ్ళే. అందులో మంచి అలవాటొకటి ఉంది. విద్యార్థి పనిని ఒకప్పటి విద్యార్థులే మొయ్యాలి. బయటి దేశం డబ్బు కోసం చూడకూడదు. చాలా మంచిది. నేను దాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ మొయ్యాలి అన్నాక మొయ్యాలి కదా?

శిక్షణ గురించి చెప్తాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, టీ ఆలస్యమైతే క్షమించండి.

మన క్యాంపస్ సేవకులు రెండు దారుల్లో వస్తారు. ఒకరు బీటెక్‌లోనో ఎమ్మెస్సీలోనో రక్షణ పొంది, మండుతున్న హృదయంతో నేరుగా పనిలోకి దూకుతారు. వాళ్ళకి క్యాంపస్ తెలుసు, వేదాంతం తెలియదు. రెండోవాళ్ళు బైబిలు కాలేజీలో చదివి వస్తారు. వాళ్ళకి హీబ్రూ వ్యాకరణం కొంచెం వచ్చు, బ్యాక్‌లాగ్ అంటే ఏమిటో, ఒక సబ్జెక్టు తప్పితే ఇంట్లో ఏం జరుగుతుందో తెలియదు. ఇద్దర్నీ తీసుకొచ్చి పది రోజుల ఓరియెంటేషన్ ఇచ్చి, ఒక జిల్లా మొత్తం అప్పగిస్తాం. జిల్లా అంటే మాటలా? డిగ్రీ కాలేజీలు, ఇంజనీరింగు కాలేజీలు, నర్సింగు కాలేజీలు, హాస్టళ్ళు. అన్నిటికీ ఒక స్ప్లెండర్ బండి, ఒక మనిషి.

ఆ మనిషిని రాత్రి పదిన్నరకి హాస్టల్ మెట్ల మీద ఒక కుర్రాడు అడుగుతాడు. ఏమడుగుతాడో మీకు తెలుసా? త్రిత్వం గురించి అడగడు. "అన్నా, నేను బాప్తిస్మం తీసుకుంటే నా క్యాస్ట్ సర్టిఫికెట్ పోతుందా?"

నిశ్శబ్దంగా ఉన్నారేం? ఇది మన రాష్ట్రాల్లో రోజూ వచ్చే ప్రశ్న. దీనికి మన శిక్షణలో ఎన్ని గంటలు కేటాయించాం? "ప్రార్థన చేసుకో తమ్ముడూ, దేవుడు దారి చూపిస్తాడు" అంటాం. దేవుడు చూపిస్తాడు, నిజమే. ఆ కుర్రాడి ఫీజు రీయింబర్స్‌మెంటు, హాస్టల్ సీటు, వాళ్ళ ఇంట్లో మొదటిసారి ఎవరో ఒకరు ఉద్యోగం చూస్తారన్న ఆశ, అన్నీ ఆ కాగితం మీద ఉన్నాయి. అందుకే ఈ సంగతులు ప్రతి సేవకుడికీ నోటికి రావాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, మూడో పేరా. హిందువులు కానివాళ్ళని షెడ్యూల్డు కులాలవాళ్ళుగా లెక్కించకూడదన్నారు. 1956లో సిక్కుల్ని చేర్చారు, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళు మన దగ్గర వెనకబడిన తరగతుల్లో బీసీ-సీ కిందికి వస్తారు, రిజర్వేషన్ ఒక్క శాతం. ఎస్టీలకి ఈ మతం షరతు లేదు. అరకు నుంచో భద్రాచలం నుంచో వచ్చిన పిల్లకి ఒక సమాధానం, మన గుంటూరు పిల్లకి ఇంకో సమాధానం. రెండూ కలిపేసి చెప్పామా, ఒక జీవితం తలకిందులవుతుంది.

ఈ ఉత్తర్వు న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. నా అభిప్రాయం మీకు తెలుసు, దశాబ్దాలుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్న విషయం అది. ఇవాళ నేను అడిగేది చిన్న సంగతి. ఆ మెట్ల మీద కూర్చున్న సేవకుడు మూడు తప్పులు చేయకూడదు. తొందరపెట్టకూడదు. అబద్ధం చెప్పమనకూడదు. తెలియనిది తెలిసినట్టు చెప్పకూడదు. "రెండు రోజులు టైమివ్వు, మన లాయరు అన్నయ్యని అడిగి చెప్తాను, మీ అమ్మానాన్నలతో కూడా కూర్చుందాం" అనగలగాలి. అలా అనాలంటే అతనికి ఒక లాయరు అన్నయ్య ఉండాలి. ఈ హాల్లో లాయర్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ఒకటి, రెండు, అదిగో మూడు. మీ ఫోన్ నంబర్లు మన సేవకుల దగ్గర ఉన్నాయా?

ఇంకో ప్రశ్న వస్తుంది, దీనికన్నా పదునైనది. "అన్నా, మా ఊళ్ళో మాలవాళ్ళ చర్చి వేరు, మాదిగవాళ్ళ చర్చి వేరు. క్రీస్తులో భేదం లేదన్నారుగా?" పొలిటికల్ సైన్సు చదివే అమ్మాయి అడుగుతుంది ఈ ప్రశ్న, అంబేడ్కర్‌ని చదువుకున్న అమ్మాయి. గలతీయులకు మూడు ఇరవై ఎనిమిది చదివి వినిపిస్తే సరిపోతుందా? ఆమెకి ఆ వచనం వచ్చు కాబట్టే అడుగుతోంది. ఆ సేవకుడు మన చరిత్ర చదివి ఉండాలి. ఎవరు మొదట వచ్చారు, మిషన్లు పల్లెల్ని ఎలా పంచుకున్నాయి, చర్చిలు ఎందుకు విడిపోయాయి. ఆ పైన, "అవును చెల్లీ, ఇది మన పాపం" అని చెప్పే ధైర్యం ఉండాలి. ఆ మాట అన్నందుకు మర్నాడు పెద్దలు ఫోన్ చేసి తిడితే, అతని తరఫున నిలబడేది ఎవరు? పోషణ అంటే అది కూడానండీ.

మూడోది, మనసు ఆరోగ్యం. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాత ఎంతమంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారో మనం మర్చిపోలేదు. నిద్ర పట్టడం లేదు, తిండి సయించడం లేదు, బతకాలని లేదు అని ఒక పిల్లవాడు చెప్తే, దానికి ఉపవాస ప్రార్థన ఒక్కటే మందు అనే సేవకుణ్ణి నేను హాస్టల్ గేటు దాటనివ్వను. కోపం తెచ్చుకోకండి. దయ్యం పట్టిందని తల మీద చేతులు పెట్టేముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రార్థన చేస్తూ తీసుకెళ్ళండి, ఎవరొద్దన్నారు? టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ళది ఒక నంబరుంది, 14416, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. రాసుకోండి. ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు. ఇంకో మాట, ఇంటర్ పిల్లలు మైనర్లు. తల్లిదండ్రులకి తెలియకుండా క్యాంపులకి తీసుకెళ్ళడం, ఒంటరిగా గదిలో కౌన్సిలింగు, ఇవి కుదరవు. మన మనస్సాక్షి ఒప్పుకోకూడదు.

ఇవన్నీ పది రోజుల్లో వస్తాయా? రావు. నా ఉద్దేశంలో కొత్తగా వచ్చిన ఎవరినీ మొదటి రెండేళ్ళు ఒంటరిగా ఏ ఊరికీ పంపకూడదు. ఒక పెద్ద సేవకుడి వెంట తిరగాలి, ఆయన విద్యార్థులతో ఎలా మాట్లాడతాడో, ఎక్కడ మాట్లాడకుండా ఊరుకుంటాడో చూడాలి. తిమోతికి పౌలు చెప్పిన సూత్రం అదే కదా, నా దగ్గర విన్నవి నమ్మకమైన మనుష్యులకి అప్పగించు, వాళ్ళు ఇతరులకి బోధిస్తారు. ఒక్క వచనంలో నాలుగు తరాలు. వెంట తిరగకుండా అప్పగింత ఎలా జరుగుతుంది? జూమ్‌లోనా? వారంలో ఒక రోజు చదువుకే ఇవ్వాలి. ఆ రోజు బండి తియ్యకూడదు. బీటెక్ చేసినవాడు తన సబ్జెక్టు కూడా మర్చిపోకూడదు. కంప్యూటర్ సైన్సు పిల్లలు ఏఐ గురించి, ఉద్యోగాల గురించి భయపడుతుంటే వాళ్ళ భయం అర్థమవ్వాలి కదా?

ఇప్పుడు అంగీ సంగతి. అంటే డబ్బు.

మన దగ్గర పద్ధతి ఏమిటి? సేవకుడే తన జీతంలో కొంత తానే సమకూర్చుకోవాలి. తిరిగి, పలకరించి, ఉత్తరాలు రాసి. సరే. కానీ పిల్లల ఫీజు కట్టాల్సిన నెలలో, "అన్నా, పోయిన నెల మీ సపోర్టు రాలేదు" అని తన కన్నా పదేళ్ళు చిన్నవాడికి, ఒకప్పుడు తాను బైబిలు నేర్పిన కుర్రాడికి, ఇప్పుడు గచ్చిబౌలిలో ఫ్లాటు కొన్నవాడికి మెసేజ్ పెట్టడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఆ మెసేజ్ టైప్ చేసి చెరిపేసిన సేవకులు ఈ హాల్లోనే ఉన్నారు. నేను పేర్లు చెప్పను, వాళ్ళ వంక చూడను కూడా. మనం ఆటో డెబిట్ పెట్టి మన కారు వాయిదా కడతాం. సేవకుడి సపోర్టుకి మాత్రం పరిశుద్ధాత్మ ప్రేరేపించాలి!

జీతం మొదటి తారీఖున పడాలి. ఎవరు ఇచ్చినా ఇవ్వకపోయినా పడాలి. లోటు వస్తే కమిటీ మొయ్యాలి, అతను కాదు. భార్యాపిల్లలకి ఆరోగ్య బీమా ఉండాలి. పి.ఎఫ్. ఉండాలి. వీటిని నేను సదుపాయాలనడం లేదు, కూలికి పాత్రుడు అన్న మాట ప్రభువుదే.

పెళ్ళి సంగతి ఎవరూ వేదిక మీద మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. మన విశ్వాస కుటుంబాల్లోనే సంబంధం చూసేటప్పుడు మొదటి ప్రశ్న ఏమిటి? "అబ్బాయి ఏం చేస్తాడు?" "విద్యార్థుల మధ్య పరిచర్య అండీ." "అది సరే, ఉద్యోగం ఏం చేస్తాడు?" ప్రతి ఆదివారం కోత విస్తారము పనివారు కొద్ది అని ప్రార్థన చేసే ఇంట్లోనే ఈ మాట. పనివాళ్ళని పంపమని ప్రభువుని అడుగుతాం, ఆ పనివాడు అల్లుడిగా వస్తే ఒప్పుకోం. అమ్మలూ, అయ్యలూ, మిమ్మల్ని నిందించడానికి కాదు. మీ భయం నాకు అర్థమవుతుంది. ఆ భయం పోవాలంటే నేను ఇందాక చెప్పిన మొదటి తారీఖు, బీమా, పి.ఎఫ్. ఉండాలి. అందుకే డబ్బు మాట ఆత్మీయం కాదని నేనెప్పుడూ అనుకోలేదు.

అమ్మాయిల సంగతి ఇంకా కష్టం. గర్ల్స్ హాస్టళ్ళలో పని చేయగలిగేది అక్కలే. పెళ్ళవగానే ఏం చేస్తాం? భర్త ఎక్కడుంటే అక్కడికి వెళ్తుంది, ఆమె పని ఆగిపోతుంది. లేదా భర్త కూడా సేవకుడైతే ఇద్దరి పనికి ఒకరి జీతం ఇస్తాం, "అమ్మగారు సహకరిస్తారు" అని రాసుకుంటాం. సహకరించడమేమిటండీ? ఆమె సగం కాలేజీలు చూస్తోంది. పేరు రాయండి, జీతం రాయండి.

మార్కు మిగిలాడు. మనిషి.

అజరయ్య గారి పేరు ఇక్కడ తెలియనివాళ్ళు ఉండరు. డోర్నకల్ బిషప్పు. తమిళుడు, మన తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగాడు. 1909లో డోర్నకల్ రాకముందు ఆయన చేసిన పని ఏమిటి? 1895 నుంచి వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువకుల సంఘంలో కార్యదర్శి. దక్షిణాదిన యువకుల మధ్య తిరిగే పని. అంటే మన క్యాంపస్ సేవకుల పెద్దన్నయ్య అన్నమాట. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగితే అక్కడ లేచి తెల్ల మిషనరీల ముందు ఏమన్నాడు? మీరు బీదలకి మీ ఆస్తి పంచారు, మీ శరీరాల్ని కాల్చడానికి అప్పగించారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. చాలామందికి నచ్చలేదు ఆ మాట. తరువాత రెండేళ్ళకి, 1912లో, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు.

నూట పదేళ్ళు దాటిపోయాయి, తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ మాట మన సేవకులు మనతో అంటే? మనం జీతం ఇచ్చేవాళ్ళం, వాళ్ళు తీసుకునేవాళ్ళు. మన ఇంటికి వస్తే ప్రార్థన చేయించుకుని పంపిస్తాం. భోజనం కూడా పెడతాం, మన గుంటూరువాళ్ళం కదా, ఆ విషయంలో లోటు చెయ్యం. కానీ కూర్చోబెట్టి, "నీకు ఎలా ఉంది? నీ ప్రార్థన సాగుతోందా? నీకు సందేహాలు వస్తున్నాయా?" అని ఎవరు అడుగుతారు? అతను కమిటీకి చెప్పలేడు, ఉద్యోగం. విద్యార్థులకి చెప్పలేడు, అన్న కదా. పాస్టర్ గారికి చెప్పలేడు, ఎందుకంటే సంఘంలో యువకుల్ని లాక్కుపోతున్నాడని పాస్టర్ గారికి ఇప్పటికే అనుమానం. ఇంట్లో చెప్తే ఆమె భయపడుతుంది. మరి ఎవరికి చెప్తాడు?

అందుకే ప్రతి సేవకుడికీ, కమిటీతో సంబంధం లేని ఒక పెద్దమనిషి ఉండాలి. ఆయన రిపోర్టు రాయకూడదు, కార్యదర్శి అడిగినా చెప్పకూడదు. నెలకొకసారి టీ తాగాలి, అంతే. రిటైరైన లెక్చరర్లు, బ్యాంకు ఆఫీసర్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. మీకు టైముంది, షుగరుంది, చక్కెర లేని టీ తాగండి. అలాగే అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన పిల్లలు డాలర్లు పంపుతున్నారు, సంతోషం. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. డల్లాస్‌లో దిగే కొత్త తెలుగు పిల్లల్ని ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి తీసుకెళ్ళి నాలుగు రోజులు అన్నం పెట్టండి, గది వెతికిపెట్టండి. వాళ్ళు చర్చికి వచ్చినా రాకపోయినా పెట్టండి.

చివరగా పుస్తకాలకి వస్తాను. ఇది నా ప్రతిపాదన, రాతపూర్వకంగా కార్యదర్శి గారికి ఇచ్చాను. ఏటా ప్రతి సేవకుడికీ పుస్తకాల కోసం కొంత డబ్బు, బిల్లు చూపిస్తే ఇచ్చేది. ఏ పుస్తకం కొన్నావని అడగకూడదు. అయిదేళ్ళ లోపు బదిలీ చెయ్యకూడదు, అతనే అడిగితే తప్ప. ఏడేళ్ళు పనిచేసినవాళ్ళకి ఆరు నెలలు చదువు సెలవు, పూర్తి జీతంతో. ఆ ఆరు నెలలూ అతను చూసే కాలేజీల్ని పట్టభద్రులు పంచుకోవాలి. అంటే మీరే. శనివారం సాయంత్రం ఒక బైబిలు స్టడీ తీసుకోవడం మీలో ఎవరికి రాదు? ఒకప్పుడు తీసుకున్నవాళ్ళేగా అందరూ?

దీనికయ్యే ఖర్చు కోశాధికారి గారు లెక్క వేశారు, ఆ కాగితం మీ కుర్చీల మీద ఉంది, దాంతో విసురుకుంటున్నారు కూడా. మధ్యాహ్నం భోజనాల తరువాత బిజినెస్ మీటింగులో ఇది చర్చకి వస్తుంది. ఒప్పుకునేవాళ్ళ కన్నా ఒప్పుకోనివాళ్ళు తప్పకుండా ఉండండి, పెరుగన్నం తిని వెళ్ళిపోకండి. ఇక ప్రశ్నలుంటే అడగండి. ముందు సేవకులు అడగాలి, తరువాతే మనం.